తెరకూ పాసుపుస్తకానికీ మధ్య కొలువు

ప్రభుత్వ సేవల ఆధునికీకరణ అనగానే కంప్యూటర్లు, యాప్‌లు గుర్తుకు రావడం సహజమే అయినా, ఆ రంగంలో కొలువు కోరే యువత కోడింగ్ ఒక్కటి నేర్చుకుంటే చాలుననుకోవడం పొరపాటని, అనంతపురం జిల్లా గుమ్మఘట్ట వంటి కరవు మండలంలో ఒక పంట నమోదు ఎలా సాగుతుందో గమనించినవారికి ఇట్టే తెలుస్తుంది.

వేదవతి నదిపై కట్టిన భైరవానితిప్ప జలాశయం ఈ మండలంలోనే ఉన్నప్పటికీ, ఇక్కడి సేద్యం ప్రధానంగా వానను నమ్ముకున్నదే కావడం వల్ల, వేరుశనగ ఎండిపోయిన ఏడాది రైతుకు బీమా గాని పెట్టుబడి రాయితీ గాని అందాలంటే ఈ-క్రాప్‌లో పేరు ఉండాలి. ఏ సర్వే నంబరులో, ఎవరు, ఏ పంట, ఎప్పుడు వేశారో ఆన్‌లైన్‌లో నమోదు చేసే పద్ధతే ఈ-క్రాప్. గ్రామ వ్యవసాయ సహాయకుడు పొలంలో నిలబడి ఫొటో తీసి వివరాలు ఎక్కించిన తరువాత, ఆ రైతు తానేనని ఆధార్ ద్వారా ధ్రువీకరించే ఈ-కేవైసీ పూర్తికావాలి. చిక్కంతా ఇక్కడే. పట్టాదారు పాసుపుస్తకంలో ‘హనుమంతరాయప్ప’ అని ఉన్న పేరు ఆధార్‌లో ‘హనుమంతప్ప’ అయి ఉండవచ్చు. పొలం ఇంకా చనిపోయిన తండ్రి పేరిటే ఉండవచ్చు. కలుపు తీసి తీసి అరిగిన వేలిని యంత్రం గుర్తించకపోవచ్చు. కౌలు రైతైతే, 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద 11 నెలల సాగు హక్కు కార్డు పొందేందుకు భూయజమాని సంతకమే దొరకకపోవచ్చు. వీటిలో ఏదీ ప్రోగ్రామరు సరిచేయగలిగినది కాదు.

2001లో హైదరాబాదులో ఈ-సేవ కేంద్రాలు, 2011లో మీసేవ కేంద్రాలు, 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు, 2025 జనవరి 30న 161 సేవలతో ‘మన మిత్ర’ వాట్సాప్ పాలన వరుసగా రావడంతో, పట్నంలోని కౌంటరు మొదట ఊళ్లోకి, ఆపైన చేతిలోని ఫోనులోకి చేరింది; పాత రికార్డులోని తప్పు కూడా దాని వెంటే చేరింది. రెండవ పరిపాలనా సంస్కరణల సంఘం 2008లో ఈ-పాలనపై ఇచ్చిన 11వ నివేదిక, పాత పద్ధతిని ఉన్నదున్నట్టు కంప్యూటరులోకి ఎక్కించకుండా ముందు పని తీరునే తిరిగి తీర్చిదిద్దాలని చెప్పింది. ఎస్టోనియా 2001లో నెలకొల్పిన ఎక్స్-రోడ్, అంటే శాఖల రికార్డులు ఎక్కడివక్కడే ఉంటూ అవసరమైన వివరాన్ని భద్రంగా ఇచ్చిపుచ్చుకునే వ్యవస్థ, పౌరుడు ఒకసారి ఇచ్చిన సమాచారాన్ని మళ్లీ అడగకూడదన్న నియమానికి ఊతమిచ్చింది. అయితే రెండు శాఖల్లో పేరు రెండు రకాలుగా ఉన్నచోట ఎంత మంచి అనుసంధానమైనా తప్పునే మోసుకెళ్తుంది.

కాబట్టి ‘మార్పు నిర్వహణ’ అనే మాటను, కొత్త పద్ధతికి రికార్డులను, నియమాలను, సిబ్బందిని, ముఖ్యంగా ప్రజలను సిద్ధం చేసే పనిగా అర్థం చేసుకోవాలి. సచివాలయాలలో ఈ పని డిజిటల్ అసిస్టెంటు, గ్రామ సర్వేయరు, వ్యవసాయ సహాయకుల మీద పడుతుంది. 2019, 2020లలో రాతపరీక్షతో నింపిన ఈ కొలువులకు వరుసగా కంప్యూటర్ లేదా ఎలక్ట్రానిక్స్, సివిల్, వ్యవసాయ చదువులు అర్హతలుగా ఉన్నాయి. కొలువు రానివారికి మీసేవ, కామన్ సర్వీస్ సెంటర్ల నిర్వహణ స్వయంఉపాధి మార్గమే గాని, వచ్చే జనాన్ని బట్టే రాబడి ఉంటుంది. ఏ దారి పట్టినా అడంగల్ అనే సాగు వివరాల రికార్డును, 1-బి అనే భూమి హక్కుల రికార్డును చదవడం, మ్యుటేషన్ అంటే హక్కుదారు పేరు మార్పిడి ఎలా జరుగుతుందో తెలియడం, తిరస్కరణకు కారణాన్ని రైతుకు అర్థమయ్యే తెలుగులో చెప్పడం, 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టాన్ని గుర్తుంచుకొని ఇతరుల ఓటీపీని, ఆధార్ నకలును జాగ్రత్తగా వాడడం తప్పనిసరి. కోడింగ్ వచ్చినవారికి కొదవ లేదు. అడంగల్ చదవగలిగినవారే అరుదు.

తదుపరి నోటిఫికేషన్ కోసం ఎదురుచూసే అభ్యర్థి, ఈలోగా తన ఇంటి పాసుపుస్తకాన్ని, ఆధార్ కార్డును, మీభూమి వెబ్‌సైట్‌లోని 1-బిని పక్కపక్కన పెట్టి, మూడింటిలోనూ తండ్రి పేరు ఒకేలా ఉందో లేదో చూడాలి; లేకపోతే దాన్ని సరిచేయించే దరఖాస్తు స్వయంగా రాసి, అది ఏ బల్ల మీద ఎన్నాళ్లు ఆగిందో తేదీలతో సహా నోట్‌బుక్‌లో రాసుకోవాలి.