బండి వెనుక ఇరుసు చప్పుడు: మూలమును కనుగొను విధము

పైరును గుఱించి వ్రాయవలసిన వ్యవసాయ ప్రదర్శకుడు సరకుబండి ఇరుసును గుఱించి వ్రాయుటేమని పాఠకులకు తోచవచ్చును. కాని పండిన ధాన్యము మిల్లునకు చేరువఱకు సేద్యము ముగిసినట్లు కాదు. ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైన పిదప చాలకాలము మన డెల్టా ధాన్యము కాలువలలో పడవలమీద సాగెను. పడవకు కమాను లేదు, ఇరుసు లేదు. నేడు ఆ ధాన్యము ఆ కాలువల గట్లమీదనే చిన్న సరకుబండ్లలో పోవుచున్నది. 2005లో టాటావారి ఏస్ బండి వెలువడిన పిదప ఇట్టి చిన్న బండ్లు పల్లెపల్లెకును వచ్చినవి.

సార్వా కోత తుపానుల కాలమున పడును. 1996 నవంబరు తుపానును చూచినవారికి, కళ్లమునుండి ధాన్యమును ఒక్కదినము ముందుగా కదలించుట ఎంత విలువైనదో చెప్పనక్కఱలేదు. అట్టి దినములలో బండి నిలిచినచో ధనము పోవును. గట్టుమీద బండి అదుపు తప్పినచో ప్రాణమే పోవును. ఈ రెంటి నడుమ ఏది ఎంచుకొనవలెనో తెలుపునది పలుమారు ఒక చప్పుడే. కావున ఆ చప్పుడును చదువుట నేర్చుకొందము.

మా సంఘము చేసిన తప్పు

మా సంఘమునకొక చిన్న సరకుబండి కలదు. బస్తాలు ఎక్కించు ముఠాకూలీలలో కొందఱు వయసుమళ్లినవారు. బండి తొట్టి కొంచెము దిగువగ ఉండిన వారి నడుములకు శ్రమ తగ్గునని సంఘసమావేశములో చెప్పినవాడను నేనే. ఆ మాట అందఱికి నచ్చెను. వెనుక కమాను కట్టలలో 6 పట్టీలుండగా రెండేసి తీయించి, మిగిలినవాని వంపును తగ్గించి, తొట్టిని 3 అంగుళములు దింపించితిమి. పనివాడు మేము కోరినదే చేసెను గనుక అతనిని తప్పుపట్టుటకు లేదు.

పదిదినములు గడవకముందే వెనుకప్రక్క చప్పుడు మొదలయ్యెను. షాక్ అబ్జార్బర్లు పోయినవని ఒకరు చెప్పగా రెండును మార్పించితిమి. చప్పుడు తగ్గలేదు. బుష్‌లు మార్పించితిమి. అప్పటికిని తగ్గలేదు. ధనము వ్యయమైనది గాని జ్ఞానము కలుగలేదు. తుదకు ముఠాలోని పెద్ద ఒకడు, “అది ఒక చప్పుడు కాదండి బాబూ, రెండండి. గోతిలో పడినప్పుడొకటి, బ్రేకేసినప్పుడొకటి,” అని చెప్పెను. చదువుకొన్న మేము భాగములను మార్చుచుండగా, చదువులేని ఆ మనుష్యుడు వినెను. ఈ పాఠమంతయు అతని మాటనుండి పుట్టినదే.

కమాను కట్ట పని

వెనుక ఇరుసునకు కుడియెడమల ఒక్కొక్క కమాను కట్ట ఉండును. పొడుగుపట్టీ పైన, పొట్టిపట్టీలు క్రమముగ దాని క్రింద నుండును. సెంటర్ బోల్టు వీనినన్నిటిని నడుమ గుచ్చి కూర్చును. యూ బోల్టులు ఆ కట్టను ఇరుసుతో కలిపి బిగించును. కట్ట ముందుకొస పిన్నుతో చట్రమునకు తగిలియుండును. వెనుకకొస షాకిల్ అను ఊగుడుముక్కకు తగిలియుండును, ఏలయన వంపుగల కట్ట అణగినపుడు పొడుగు సాగును. ఇరుసు మితిమీరి పైకి రాకుండ చట్రము క్రింద ఒక రబ్బరు దిమ్మ అమర్చబడియుండును. షాక్ అబ్జార్బరు బరువును మోయదు. ఊపును మాత్రము అణచును.

ఇందు ముఖ్యముగ గుర్తుంచుకొనవలసినది ఒకటి. ఇరుసును కదలకుండ పట్టియుంచునది యూ బోల్టుల బిగింపే. సెంటర్ బోల్టు ఇరుసు ఉండవలసిన స్థానమును చూపును గాని, లాగుడును బ్రేకు దెబ్బను మోయుటకు చేయబడినది కాదు. యూ బోల్టు సడలినచో ఆ భారమంతయు ఈ సన్నని బోల్టుపై పడి దానిని తెగగొట్టును.

మఱి పట్టీలు తీసివేసిన ఏమగును? కమాను తనపై వేసిన బరువునకు తగినంతగ వంగునను నియమమును ఆంగ్లశాస్త్రజ్ఞుడు రాబర్టు హుక్ 1678లో ప్రకటించెను. సమానమైన మందముగల 6 పట్టీలలో 2 తీసివేసిన, కట్ట గట్టితనము సుమారు మూడింట రెండువంతులగును. మన 75 కిలోల బస్తాలు 10, అనగా 750 కిలోలు, ఎక్కించినపుడు మునుపు 2 అంగుళములు వంగిన కట్ట ఇప్పుడు 3 అంగుళములు వంగును. ఖాళీబండిలో రబ్బరుదిమ్మకును ఇరుసునకును నడుమ మునుపు 4½ అంగుళముల ఎడముండెననుకొనుడు. పూర్తిబరువుతో ఇంకను 2½ అంగుళములు మిగులును. తొట్టిని 3 అంగుళములు దింపిన పిదప ఖాళీగ ఉన్నపుడే 1½ అంగుళమే మిగులును. అయిదవ బస్తాతో ఆ ఎడము తీరిపోవును. ఇక ప్రతి గోతిలోను ఇరుసు దెబ్బ చట్రమునకు తగులవలసినదే.

చప్పుడు జాతులు

చప్పుడు విన్నంతనే స్పానరు పట్టుకొనరాదు. అది ఎప్పుడు వచ్చునో, ఖాళీబండిలోనా బరువుబండిలోనా, గోతిలోనా బ్రేకులోనా, వేగముతో పెరుగునా అనునది మొదట వ్రాసికొనవలెను. తొట్టి తలుపు గొలుసు, అదనపు చక్రము, జాకీ వదులుగ ఉండిన అవియు చప్పుడు చేయును. వానిని ముందుగ గుడ్డతో కట్టి పరీక్ష మొదలుపెట్టవలెను.

1. నెమ్మదిగ ఊగినపుడు కిఱ్ఱుకిఱ్ఱుమను చప్పుడు పట్టీల ఒరిపిడివలననో, ఎండిన పిన్ను, బుష్‌లవలననో వచ్చును. ఒక్కొక్క చోట నీరు పోసి ఊపి చూడుడు. ఎచ్చట తడిపిన చప్పుడు కొంతసేపు ఆగునో అచ్చటనే మూలము కలదు. ఇది బాధించును గాని వెంటనే ప్రమాదము తేదు.

2. గోతిలో పడినపుడు ఒక్కమారుగ ఢబ్బుమను మొద్దుచప్పుడు ఇరుసు రబ్బరుదిమ్మను కొట్టుటవలన వచ్చును. షాక్ అబ్జార్బరు తన పొడవు చాలక కొసకు తాకినను ఇట్లే వినవచ్చును.

3. బండి కదలునపుడును, బ్రేకు వేయునపుడును, వెనుకకు త్రిప్పునపుడును టక్కుమను ఇనుపచప్పుడు యూ బోల్టు సడలుటకు గుఱుతు కావచ్చును. షాకిల్ అరిగినను, ప్రొపెల్లర్ షాఫ్టు క్రాస్ అరిగినను ఇట్టి చప్పుడే వచ్చును. అన్నిటిలో భయపడవలసినది ఈ చప్పుడునకే.

4. మలుపులోగాని, బరువుతో ఊగినపుడుగాని గరగరమని ఒరయు చప్పుడు టైరు తొట్టికి తగులుటవలన వచ్చును. తొట్టి అడుగున నునుపైన మెఱుగు కనబడును.

5. గోతులతో పనిలేక, వేగముతో పెరుగు మూలుగు కమానుది కాదు. చక్రపు బేరింగునుగాని, డిఫరెన్షియలునుగాని చూడవలెను. తొట్టిని దింపిన బండిలో షాఫ్టు కోణము మారి, ఒక వేగమున మాత్రము అదురు పుట్టుటయు కలదు.

మూడు పరీక్షలు

ఈ పరీక్షలకు మన ఇంట దొరకు వస్తువులే చాలును. ఒక్క నియమము తప్పరాదు: కేవలము జాకీపై నిలిచిన బండి క్రింద ఎవ్వరును దూరరాదు. గట్టినేలపై నిలిపి, చక్రములకు అడ్డు పెట్టి, చట్రము క్రింద బలమైన దిమ్మలుంచిన పిదపనే దూరవలెను.

మొదటిది బంకమట్టి పరీక్ష. మన చేలలోని నల్లబంకమట్టిని ముద్దచేసి, బొటనవ్రేలి మందమున రబ్బరుదిమ్మ కొసకు అంటింపుడు. మామూలు బరువుతో, మామూలు దారిలో, మెల్లగ కొంతదూరము నడిపి వచ్చి చూడుడు. ముద్ద ముద్దగనే ఉండిన ఇరుసు దానిని తాకలేదు. అప్పడమువలె అణగియుండిన ఢబ్బుచప్పుడునకు మూలము దొరికినట్లే.

రెండవది సుద్దగీత పరీక్ష. కమాను కట్టమీదుగ, దాని ఆసరాపలకమీదుగ, ఇరుసుమీదుగ ఒకే నిలువుగీత గీయుడు. ఖాళీమైదానములో బండిని నాలుగుబారలు ముందుకు నడిపి బ్రేకు వేయుడు. వెనుకకు నడిపి బ్రేకు వేయుడు. ఇట్లు పదిమార్లు చేసి, బండిని నిలిపిన పిదప చూడుడు. గీత ముక్కలై ప్రక్కకు జరిగిన ఇరుసు కట్టక్రింద కదలుచున్నది. పలక అంచున ఎఱ్ఱని త్రుప్పుపొడి కనబడినను అదే అర్థము.

మూడవది కొలత. ముందుచక్రములను తిన్నగ నిలిపి, ముందుచక్రపు నడిబొడ్డునుండి వెనుకచక్రపు నడిబొడ్డువఱకు కుడిప్రక్కను, ఎడమప్రక్కను టేపుతో కొలువుడు. రెండు ప్రక్కలు సమానముగ ఉండవలెను. భేదము కనబడిన మఱల జాగ్రత్తగ కొలిచి, అది నిజమని తేలిన బండిని కదలింపకుడు.

మా బండిలో తేలినది

బంకమట్టి రెండుప్రక్కల అప్పడమయ్యెను. ఎడమప్రక్క సుద్దగీత తెగెను. కొలతలో ఎడమప్రక్క ఒక సెంటీమీటరు ఎక్కువగ వచ్చెను, అనగా ఆ ప్రక్క ఇరుసు వెనుకకు జరిగినది. కాని యూ బోల్టు నట్లకు స్పానరు వేసి చూచిన అవి గట్టిగనే ఉండెను! ఇందలి మర్మము గ్రహింపదగినది. ఒక్కొక్క పట్టీ మందము 8 మిల్లీమీటర్లు. రెండు తీయగా కట్ట 16 మిల్లీమీటర్లు పలుచనయ్యెను. పాత యూ బోల్టులు ఆ మేరకు పొడుగైపోయి, నట్లు మరచుట్టు చివరకు వచ్చి నున్నని కమ్మిమీద తట్టి ఆగెను. స్పానరునకు అది బిగింపుగ తోచినది గాని కట్టను నొక్కు బలము అందులేదు. విప్పి చూడగా సెంటర్ బోల్టు తెగి రెండు ముక్కలై యుండెను.

ఆనాడు కళ్లములలో 300 బస్తాలకు పైగ ఉండెను. ఆకాశము మబ్బుపట్టియుండెను. ఇంకొక్కదినము నడుపుదమని కొందఱు, ఆపవలసినదేనని నేను. బస్తాలపై కూర్చుండి గట్టుమీద ప్రయాణించుచున్నది ముఠావారని గుర్తుచేయగా ఎవ్వరును మాఱుపలుకలేదు. రెండుదినములు అద్దెబండ్లతో ధాన్యమును చేర్చితిమి. నాటినుండి బస్తాలపై మనుష్యులను ఎక్కించుట కూడ మానితిమి.

నివారణ

వంపు తగ్గించిన పట్టీలను మఱల వాడరాదు. కాల్చినచో పదును పోవును, వెల్డింగు పెట్టినచో ఆ చోటనే విఱుగును. మా బండికి తయారీదారు నిర్ణయించిన పూర్తికట్టలు, క్రొత్త సెంటర్ బోల్టులు, సరియైన పొడవుగల క్రొత్త యూ బోల్టులు వేయించితిమి. నట్లను ఒకదాని పిదప ఎదుటిదానిని ఐమూలగ కొంచెము కొంచెముగ, బండి బరువు చక్రములపై ఉండగా, టార్క్ రెంచితో నిర్ణీతబలమునకు బిగింపవలెను. మొదటి కొన్ని బరువుల పిదప మఱల చూడవలెను, ఏలయన క్రొత్తకట్ట సర్దుకొనును. తయారీదారు లక్షణములకు విరుద్ధముగ బండిని మార్చుటను 1988 మోటారు వాహనముల చట్టము 52వ విభాగము నిషేధించుచున్నదని కూడ సభ్యులు తెలిసికొనవలెను. నేను ఆ మాటను ముందు తెలిసికొనియుండవలసినది.

ఇక నడుములు నొచ్చు ముఠావారి మాటయో? వారి శ్రమ నిజమైనది. మేము వెదకిన ఉపాయము తప్పు. సంఘపు గిడ్డంగివద్ద తొట్టి ఎత్తునకు సరిగ ఒక ఇటుక అరుగు కట్టించితిమి. కళ్లములకు తీసికొనిపోవుటకు మూడుమెట్ల కొయ్యబల్లను చేయించితిమి. రెండు కమాను కట్టలకన్న వాని వెల తక్కువయ్యెను. బండిని దింపుటకన్న మనుష్యుని నిలుచుచోటును ఎత్తుట మేలు.

రాబోవు కోతకు ముందే ప్రతి సంఘమువారును తమ బండి వెనుక ఒక సుద్దగీత గీసి చూతురుగాక. చప్పుడును మొదట విన్నవాడు ఎవడైనను, కూలీయైనను డ్రైవరైనను, అతని మాటను కూర్చుండి పూర్తిగ వినవలెను.