ఆ పుల్లల బొమ్మలో జోకు ఎక్కడుంది?



పోయిన నెల పేరెంట్స్ మీటింగులో ఒక అమ్మగారు ఫోను తీసి నా ముందు పెట్టారు. "సార్, మావాడు తొమ్మిదో తరగతి. రాత్రిపూట ఈ పుల్లల బొమ్మలు చూసి వాడిలో వాడే నవ్వుకుంటాడు. ఇందులో నవ్వడానికి ఏముందండీ? చదువు పక్కన పెట్టేస్తున్నాడేమోనని భయంగా ఉంది" అన్నారు. వెనక లైనులో పదిమంది ఉండడంతో అప్పుడు సరిగా చెప్పలేకపోయాను. ఆవిడకు బాకీ పడ్డ జవాబు ఇది. మీలో ఇంకొందరికి కూడా పనికొస్తుందని న్యూస్‌లెటర్‌కి రాస్తున్నాను.

ఆ బొమ్మల పేరు ఎక్స్‌కేసీడీ. నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, వాటికి విస్తరణ ఏమీ లేదు. గీసేది అమెరికాకు చెందిన రాండాల్ మన్రో. ఫిజిక్స్ చదివి, కొన్నాళ్ళు నాసాలో రోబోట్ల మీద పనిచేసి, 2005 నుంచి ఇంటర్నెట్‌లో ఈ బొమ్మలు పెడుతున్నాడు. గుండ్రటి తల, గీతల్లాంటి చేతులు కాళ్ళు, అంతే. మన ఎల్‌కేజీ పిల్లలు అంతకన్నా బాగా గీస్తారు. జోకంతా మాటల్లోనూ గ్రాఫుల్లోనూ ఉంటుంది.

605వ బొమ్మ చూడండి. పెళ్ళి బట్టల్లో ఉన్న అమ్మాయికి ఒకాయన గ్రాఫు చూపిస్తాడు. నిన్న ఆమెకు భర్తల సంఖ్య సున్నా, ఈరోజు ఒకటి. ఆ రెండు చుక్కలనూ కలిపి గీత పైకి లాగేస్తే వచ్చే నెలాఖరుకి నాలుగు డజన్లకు పైగా భర్తలు ఉంటారట. కాబట్టి పెళ్ళి కేకులకు హోల్‌సేల్ ధర మాట్లాడుకోమని సలహా ఇస్తాడు.

తొమ్మిదో తరగతిలో రెండు బిందువులు ఇచ్చి సరళరేఖ గీయమంటాం. గీత తప్పు కాదు. అది అక్కడితో ఆగకుండా ముందుకు కూడా అలాగే పోతుందని అనుకోవడం తప్పు. మీ పాప పదేళ్ళప్పుడు 140 సెంటీమీటర్లు ఉండి, ఆ ఏడాది 6 సెంటీమీటర్లు పెరిగిందనుకోండి. అదే లెక్కన నలభయ్యో ఏట 320 సెంటీమీటర్లు ఉండాలి. అంటే పదిన్నర అడుగులు. జంగారెడ్డిగూడెంలో ఏ గుమ్మమూ సరిపోదు.

ఇది చెబితే అందరూ నవ్వుతారు. ఇంకో లెక్క చెబుతాను. జూన్ స్లిప్ టెస్టులో 25కి 21, జూలైలో 17. నెలకు నాలుగు చొప్పున తగ్గుకుంటూ పోతే డిసెంబరుకి మైనస్ మూడు. ఈ గీతని కాగితం మీద ఎవరూ గీయరు గానీ మనసులో చాలామంది గీస్తారు. రెండు టెస్టులు చూసి "వీడు పడిపోతున్నాడు సార్" అంటూ డ్రాయింగ్ క్లాసు మాన్పించినవాళ్ళు ఉన్నారు, హాస్టల్లో వేస్తామన్నవాళ్ళూ ఉన్నారు. జూలైలో ఆ పిల్లవాడికి జ్వరం వచ్చి ఉండొచ్చు, పేపరు కష్టంగా ఇచ్చి ఉండొచ్చు. పేపరు ఇచ్చేది మేమే కాబట్టి ఆ సంగతి నాకు బాగా తెలుసు. కనీసం అయిదారు చుక్కలు పడేదాకా గీత గీయకండి.

పిల్లలకు బాగా నచ్చేది 327వ బొమ్మ. ఇది బడి గురించే. స్కూలు నుంచి ఒక తల్లికి ఫోను వస్తుంది. మీవాడి వల్ల కంప్యూటర్లు పాడయ్యాయి, నిజంగానే వాడికి ఆ పేరు పెట్టారా అని అడుగుతారు. పేరులో రాబర్ట్ తర్వాత ఒక కొటేషన్ గుర్తు, ఒక బ్రాకెట్, ఒక సెమీకోలన్, ఆ తర్వాత విద్యార్థుల పట్టిక తీసేయమని కంప్యూటరుకు అర్థమయ్యే ఆజ్ఞ ఉంటాయి. అవునండీ, ముద్దుగా బాబీ టేబుల్స్ అంటాం అంటుంది తల్లి. ఆ ఏడాది రికార్డులన్నీ పోయాయి.

కంప్యూటరు రానివారికి ఇలా చెబుతాను. చెప్పింది చెప్పినట్టు చేసే ఒక అటెండరు ఉన్నాడనుకోండి. "రిజిస్టరులో ఈ పేరు రాయి" అని చీటీ ఇచ్చారు. పేరు ఉండాల్సిన చోట "రాబర్ట్. పేరు అయిపోయింది. ఇక రిజిస్టరు చింపెయ్యి" అని ఉంది. అతను పేరు రాశాడు, రిజిస్టరు చింపేశాడు. తప్పు ఎవరిది? పేరు ఎక్కడ ముగిసిందో, ఆజ్ఞ ఎక్కడ మొదలైందో వేరుచేసి చెప్పని ఆఫీసుది. పేరును విడిగా కవర్లో పెట్టి, లోపల ఏమున్నా అది పేరేనని ముందే చెప్పి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. ప్రోగ్రామర్లు నిజంగా చేసేది ఇదే. ఈ రకం దాడికి ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ అని పేరు. మన ఆఫీసుకు మాత్రం ఇప్పటిదాకా ఇంటిపేరు ముందు రాయాలా వెనక రాయాలా అన్నదే పెద్ద సమస్య.

552వది చిన్నది, కానీ కొంచెం లోతైనది. ఒకతను అంటాడు: రెండు విషయాలు కలిసి కనబడితే ఒకటి ఇంకోదానికి కారణమని అనుకునేవాణ్ణి, స్టాటిస్టిక్స్ క్లాసుకు వెళ్ళాక అలా అనుకోవడం మానేశాను. అయితే క్లాసు పనిచేసిందన్నమాట, అంటుంది అవతలి అమ్మాయి. ఏమో, కావచ్చు, అంటాడతను. క్లాసుకు వెళ్ళాడు, మారాడు. కానీ క్లాసు వల్లే మారాడా? నేర్చుకున్న పాఠం ప్రకారం అతను అవునని చెప్పలేడు. జోకు అదే.

చలికాలంలో కొల్లేటి ఆటపాక వైపు వెళ్ళినవారు గూడబాతులను చూసే ఉంటారు. గూడబాతులు గుంపులుగా ఉన్నప్పుడే మనం దుప్పట్లు తీస్తాం. అంతమాత్రాన చలి అవి తెచ్చినట్టు కాదు. ఇదే ప్రశ్న ర్యాంకుల హోర్డింగుల దగ్గర కూడా అడగొచ్చు, మనవాటితో సహా. ర్యాంకు వచ్చిన పిల్లవాడు మా దగ్గర చదివాడు, నిజమే. వచ్చేటప్పటికే వాడెంత చురుకు, ఇంట్లో ఎవరు కూర్చోబెట్టి చదివించారు అన్నవి ఫోటో కింద ఉండవు. ఈ పేరా ఎడిటర్ గారు ఉంచుతారో లేదో చూడాలి.

882వది పేపర్లలో ఆరోగ్య వార్తలు చదివే పెద్దవాళ్ళకు. జెల్లీ మిఠాయిల వల్ల మొటిమలు వస్తాయా అని పరీక్షిస్తే ఏమీ తేలదు. సరే, రంగురంగునా చూద్దామని ఇరవై రంగులు విడివిడిగా పరీక్షిస్తారు. ఆకుపచ్చ ఒక్కటి "సంబంధం ఉంది" అని వస్తుంది. మర్నాడు పేపర్లో పతాక శీర్షిక అదే. ఒక్కో పరీక్షలో ఊరికే అలా తేలే అవకాశం నూటికి అయిదు. ఇరవై పరీక్షలు చేస్తే కనీసం ఒక్కటైనా అలా రావడానికి అవకాశం నూటికి 64. పదో తరగతి పిల్లల్ని లెక్క కట్టి చూపించమనండి: 0.95ని ఇరవైసార్లు గుణించి, ఒకటిలోంచి తీసేయాలి.

ఒక జాగ్రత్త. బొమ్మలన్నీ పిల్లలకు కాదు. కొన్నిట్లో మోటు మాటలు, పెద్దల విషయాలు ఉంటాయి. ఆ సంగతి అక్కడే రాసి ఉంటుంది. పైన చెప్పిన నాలుగూ నేను క్లాసులో వాడినవే. కంప్యూటర్లో చూస్తే మౌసు బొమ్మ మీద పెట్టి కాసేపు ఆగండి, ఇంకో వాక్యం కనబడుతుంది.

ఆ అమ్మగారికి నా జవాబు: ఫోను లాక్కోకండి. పక్కన కూర్చుని "ఇందులో జోకేంట్రా, నాకు చెప్పు" అనండి. చెప్పగలిగితే ఆ చాప్టరు వాడికి వచ్చినట్టే, నా స్లిప్ టెస్టు అంత బాగా కనిపెట్టలేదు. నవ్వుతున్నాడు గానీ చెప్పలేకపోతున్నాడంటే బొమ్మ నంబరు డైరీలో రాసి పంపండి. శనివారం ఆఖరి పీరియడులో బోర్డు మీద గీసి చూద్దాం.

— మీ గణితం మాస్టారు, జంగారెడ్డిగూడెం క్యాంపస్