చెట్టు నీడను కొలుచుట

ఒక ఊరిలో చెట్లెన్ని గలవని యడుగుట ఒక ప్రశ్న. ఆ యూరి నేలలో ఎంత భాగమును చెట్లు కప్పియున్నవని యడుగుట వేఱొక ప్రశ్న. ఈ రెంటికిని గల భేదము తెలియవలెనన్న, కదిరికి చేరువనున్న తిమ్మమ్మ మఱ్ఱిమానును తలచికొనిన చాలును. చెట్లను లెక్కించువాడు దానిని ‘ఒకటి’ యని వ్రాసికొని పోవును. కాని అది సుమారు 5 ఎకరముల నేలపై పందిరివలె పఱచుకొని యున్నది. గోడవెంట నిలువుగా బెరుగు నరమామిడి చెట్లు ఏబది నాటినను ఒక బండికి చాలినంత నీడ దొరకుట కష్టము. కావున నగరముల చెట్లను గూర్చి విచారించువారు చెట్ల సంఖ్యకంటె, కొమ్మలును ఆకులును కలసి నేలను కప్పిన వైశాల్యమునే ముఖ్యముగా గొందురు. దీనికి వృక్షచ్ఛత్రమని పేరు పెట్టుకొందము. ఛత్రమనగా గొడుగు.

ఒక్క చెట్టు గొడుగును గొలుచుటకు టేపు చాలును. నేలపై బడిన నీడను గొలువరాదు; ప్రొద్దు వాలినకొలది నీడ సాగును. కొమ్మ చివర యెక్కడనున్నదో తలయెత్తి చూచి, దానికి సరిగా క్రింద నేలపై గుర్తు పెట్టవలెను. ఉత్తర దక్షిణములుగా నొకసారి, తూర్పు పడమరలుగా నొకసారి కొలిచి, రెంటి సగటును వ్యాసముగా గైకొనుడు. వ్యాసమును వ్యాసముచే గుణించి, మరల 0.785 చే గుణించిన వైశాల్యము వచ్చును. ఒక వేపచెట్టు ఒక దిక్కున 12 మీటర్లు, రెండవ దిక్కున 10 మీటర్లు ఉన్నదనుకొందము. సగటు 11. వైశాల్యము సుమారు 95 చదరపు మీటర్లు.

నగరమంతటిని టేపుతో గొలువ సాధ్యము కాదు. అందుచే ఆకాశమునుండి తీసిన చిత్రముపై, ఎంచుకొనక, ఎక్కడ బడిన నక్కడ 100 చుక్కలు వేసి, చెట్లపై బడిన వెన్నియో చూతురు. 24 బడినచో ఆ నగరమున సుమారు 24 శాతము చెట్ల క్రింద నున్నదని యంచనా. ఇందు ఇటునటు 4 శాతమునకు పైగా తేడా యుండవచ్చును. 400 చుక్కలు వేసినచో ఆ తేడా సగమగును. శ్రమ నాలుగింతలైనను తేడా సగమే తగ్గుటకు కారణమేమో మీ లెక్కల మాస్టరుగారి నడిగి తెలిసికొనుడు.

ఉపగ్రహముల పద్ధతి వేఱు. ఆకులోని పత్రహరితము ఎఱ్ఱని వెలుగును పీల్చుకొనును. కంటికి గనబడని పరారుణ కిరణములలో చాల భాగమును ఆకు వెనుకకు బంపివేయును. ఈ రెండు వెలుగులను వేఱువేఱుగా గొలిచి, వాని తేడాను వాని మొత్తముచే భాగింతురు. ఫలము 1కి చేరువైనకొలది పచ్చదనము దట్టమని యర్థము. అయితే పచ్చికబయలును పచ్చనిదే, చెరువును గప్పిన గుఱ్ఱపుడెక్కయు పచ్చనిదే! ఎత్తు తెలిసినగాని చెట్టేదో గడ్డియేదో తేలదు. అందుకై విమానమునుండి లేసరు కిరణములను బంపి, అవి తిరిగివచ్చు కాలమునుబట్టి ఎత్తును గట్టుదురు.

మన హోసూరికి పొరుగుననున్న బెంగళూరును చూడుడు. అచ్చటి భారతీయ విజ్ఞాన సంస్థకు జెందిన టి.వి. రామచంద్రగారును వారి సహచరులును ఉపగ్రహ చిత్రముల సాయమున ఆ నగరమున 14,78,412 చెట్లున్నవని 2014లో ప్రకటించిరి. అనగా ఏడుగురికి ఒక చెట్టు. భారత అటవీ సర్వేక్షణ సంస్థవారి 2021 నివేదికలో లెక్క వేఱు తీరున నున్నది. బెంగళూరున అటవీ ఆచ్ఛాదనము 2011లో 94 చదరపు కిలోమీటర్లుండి, 2021 నాటికి 89.02కు తగ్గినది. హైదరాబాదున 33.15నుండి 81.81కి పెరిగినది. వినుటకు సంతోషమే. కాని నిర్వచనమును చదువక సంఖ్యను నమ్మరాదు. ఒక హెక్టారుకు తక్కువగాని స్థలమున, నేలలో పదవ వంతైనను చెట్లు కప్పినచో, ఆ స్థలమంతయు ఆ లెక్కలోనికి వచ్చును. మీ పెరటి వేప, వీథిలో అక్కడొకటి యిక్కడొకటిగా నున్న కానుగ రావు. బాటసారికి నీడనిచ్చునవి అవియే గదా!

ఆ నీడ విలువను హరిణి నాగేంద్రగారును వారి సహచరులును బెంగళూరు వీథులలో గొలిచి 2013లో ప్రకటించిరి. చెట్లున్న వీథిలో మధ్యాహ్నపు గాలి వేడి 5.6 డిగ్రీల వఱకు, రోడ్డుపై వేడి 27.5 డిగ్రీల వఱకు తక్కువగా నుండెను. కాలిబాటపై పూలమ్ము స్త్రీకిని, బడినుండి నడచివచ్చు బిడ్డకును ఇది చిన్న సంగతి కాదు. 2016లో బసవేశ్వర కూడలినుండి హెబ్బాళ వఱకు ఉక్కు వంతెన కట్టదలచినప్పుడు 812 చెట్లు పోవునని తెలిసి, అక్టోబరు 16న వేలమంది చేయి చేయి పట్టుకొని వీథిలో నిలిచిరి. 2017 మార్చిలో ప్రభుత్వము ఆ పనిని విరమించినది.

చెట్టు గొట్టినచో పది మొక్కలు నాటెదమనుట వాడుక. లెక్క వేయుడు. 20 మీటర్ల వ్యాసముగల నిద్రగన్నేరు 314 చదరపు మీటర్లను కప్పును. ఒక మీటరు వ్యాసముగల మొక్క కప్పునది 0.785 మాత్రమే. పది మొక్కలకు ఎనిమిది చదరపు మీటర్లు నిండవు. నేటి నీడకు నేడే బదులీయవలెనన్న 400 మొక్కలు కావలెను; అవియన్నియు బ్రదుకవలెను. తలిదండ్రులు ఈ లెక్కను బిడ్డలచే చేయించి చూడవలెనని నా కోరిక.

మీ వీథిలోని చెట్లను ఈ నెలలో గొలిచి ఒక పుస్తకమున వ్రాసికొనుడు. మరుసటి యేడును ఇదే నెలలో గొలువుడు. ఆకు రాలు కాలమున గొడుగు పలుచనై కనబడును. పేరు వ్రాయుచోట మూడు గడులు గీయుడు. మనము కానుగ యనునది తమిళులకు పుంగము, కన్నడిగులకు హొంగె. మన వేప వారికి వేంబు, బేవు. మూడు పేర్లు నుండినచో ప్రక్కయింటివారును మీ కొలతను సరిచూడగలరు.