లెక్కకు ముందు ఏరివేత

చిరంజీవి మేనకోడలికి,



వేర్వేరు అణువులు కలిసి కట్టే స్ఫటికాల (కోక్రిస్టల్స్) మీద పీహెచ్‌డీ మొదలుపెట్టావని, మీ గైడు కేంబ్రిడ్జి స్ట్రక్చరల్ డేటాబేస్ లాగిన్ ఇచ్చి సర్వే చేసుకురమ్మన్నారని రాశావు. సెర్చ్ కొట్టగానే వేల హిట్లు వచ్చాయి, హిస్టోగ్రామ్‌లో చక్కటి శిఖరం కనబడింది అని నీ సంబరం. బాగానే ఉంది గానీ, ఆ బొమ్మను గ్రూప్ మీటింగులో పెట్టడానికి ఇంకా తొందరపడకు.

ఆ డేటాబేస్‌ను 1965లో స్ఫటికశాస్త్రవేత్త ఓల్గా కెన్నార్డ్ కేంబ్రిడ్జిలో మొదలుపెట్టారు. విడివిడి ప్రయోగాలు చెప్పలేని సంగతులు, వాటి ఫలితాలన్నీ ఒకచోట చేరితే బయటపడతాయని ఆమె నమ్మకం. ఆ నమ్మకానికి స్ఫూర్తి శాస్త్రవేత్త జె.డి. బెర్నాల్. 2019 నాటికి అందులో పది లక్షల స్ఫటిక నిర్మాణాలు చేరాయి. అయితే ఆ పది లక్షల్లో ఒక్కటి కూడా నీ ప్రశ్న కోసం కొలిచింది కాదు. అన్నం ఉడికిందా లేదా తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. ఇక్కడ అది చెల్లదు, ఒక్కో మెతుకూ ఒక్కో కుండలో ఉడికింది. అందుకే ఏ ఎంట్రీని ఉంచావు, దేన్ని తీసేశావు, ఎందుకు తీసేశావు అన్నదే నీ సర్వేలో అసలు పని. సగటు తీయడం కంప్యూటర్ చూసుకుంటుంది.

నువ్వు వెతికిన కార్బాక్సిలిక్ ఆమ్లాలనే తీసుకో. రెండు ఆమ్ల సమూహాలు ఎదురెదురుగా రెండు హైడ్రోజన్ బంధాలతో జత కడతాయని బీఎస్సీలోనే చదివావు. డేటాబేస్‌లో ఆ సమూహం ఉన్న నిర్మాణాలన్నీ కలిపి చూస్తే ఆ జత కనబడేది సుమారు మూడింట ఒక వంతులోనే. పాఠం తప్పా? కాదు. మిగతా అణువుల్లో ఆ ఆమ్లపు హైడ్రోజన్‌ను లాక్కోవడానికి నీళ్లో, పిరిడిన్ నైట్రోజనో, అమైడ్ ఆక్సిజనో కాచుకుని ఉంటాయి. అలాంటి పోటీదారులు లేని అణువులకే పరిమితమైతే ఆ వంతు బాగా పెరుగుతుంది. లవం అదే రకం జత, మారింది హారం. కోక్రిస్టల్ రూపకల్పనలో నీకు పనికొచ్చేది ఏ పోటీలో ఎవరు గెలుస్తున్నారన్న లెక్క. కాబట్టి హారంలో ఏముందో చెప్పకుండా శాతం చెప్పకు.

ఇక హైడ్రోజన్ల సంగతి. ఎక్స్‌రేకు కనబడేది ఎలక్ట్రాన్లు, కేంద్రకం కాదు. హైడ్రోజన్‌కున్న ఒక్క ఎలక్ట్రాన్ బంధం వైపు జరిగి ఉంటుంది. అందుకని బెంజీన్ వలయంలో కార్బన్–హైడ్రోజన్ దూరం ఎక్స్‌రే ఫైల్లో 0.95 ఆంగ్‌స్ట్రాములు అని ఉంటే, న్యూట్రాన్‌తో కొలిస్తే 1.08 వస్తుంది. పైగా చాలా ఫైళ్లలో హైడ్రోజన్లను ఎవరూ కొలవలేదు, సాఫ్ట్‌వేర్ లెక్కకట్టి అతికించింది. నీ హిస్టోగ్రామ్‌లో హైడ్రోజన్ దూరాలు ఉన్నాయంటే, సెర్చ్‌లో న్యూట్రాన్ విలువలకు సరిచేసే ఆప్షన్ పెట్టావో లేదో ముందు చూసుకో.

దీనికి నాకు నచ్చిన ఉదాహరణ 1982 నాటిది. కార్బన్ మీది హైడ్రోజన్ కూడా ఆక్సిజన్‌తో హైడ్రోజన్ బంధం చేస్తుందా అన్నది అప్పటికి తేలని తగువు. రాబిన్ టేలర్, కెన్నార్డ్ కలిసి దాని మీద డేటాబేస్‌నే సాక్ష్యానికి పిలిచారు. వేలకొద్దీ ఎక్స్‌రే నిర్మాణాలు చేతిలో ఉన్నా వాటిని పక్కనపెట్టి, హైడ్రోజన్ స్థానాన్ని నమ్మగలిగిన 113 న్యూట్రాన్ నిర్మాణాలనే తీసుకున్నారు. తగువు మొగ్గు ఆ పత్రంతోనే మారింది. తర్వాత మన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో గౌతమ్ దేశిరాజు కార్బన్ మీది హైడ్రోజన్ చేసే ఆ బలహీన బంధాలనే పట్టుకుని క్రిస్టల్ ఇంజనీరింగ్‌ను ముందుకు నడిపారు. 1989లో ఆ పేరుతోనే పుస్తకం రాశారు.

ఏరడం ఎలాగంటావా? ఒకే పదార్థం పదేపదే వచ్చిందేమో చూడు. పారాసిటమాల్ ఒక్కదానికే బోలెడు ఎంట్రీలు ఉన్నాయి: రూపాలు వేరు, ఉష్ణోగ్రతలు వేరు, పీడనాలు వేరు. ఎంట్రీ గుర్తు అయిన రెఫ్‌కోడ్‌లో మొదటి ఆరక్షరాలూ ఒకటే అయితే అవన్నీ ఒక కుటుంబం. ఒక్కో రూపానికి ఒక్క మంచి ఎంట్రీ ఉంచుకో. ఆర్ ఫ్యాక్టర్ (నమూనాకూ కొలతకూ ఉన్న తేడా) ఎక్కువున్నవి, డిజార్డర్ (అణువుల అమరిక చెదరడం) ఉన్నవి వేరుచెయ్యి. హిస్టోగ్రామ్ అంచుల్లో ఒంటరిగా నిలబడ్డ ప్రతి హిట్‌నూ మెర్క్యురీ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి కళ్లతో చూడు. అక్కడ దొరికేది అయితే కొత్త రసాయనం, కాకపోతే ఎవరో చేసిన పొరపాటు. కాల్‌టెక్‌లో రిచర్డ్ మార్ష్ ఏళ్ల తరబడి అచ్చయిన నిర్మాణాలను తిరగేసి, తక్కువ సౌష్ఠవంతో తప్పుగా తేల్చిన స్పేస్ గ్రూపులను సరిదిద్దారు. అచ్చంగా మోసాలూ ఉన్నాయి. ఒకే స్ఫటికం కొలతలు వాడుకుని, అందులోని లోహం పేరు మార్చి కొత్త సమ్మేళనాలుగా ప్రచురించినందుకు ఆక్టా క్రిస్టలోగ్రాఫికా ఇ పత్రిక 2010లో కనీసం 70 నిర్మాణాల ఉపసంహరణ ప్రకటించింది. అచ్చులో ఉంది కదా అని నమ్మేయకు.

లేనిదాన్ని గురించి కూడా ఒక మాట. స్ఫటికం కట్టినవే డేటాబేస్‌కు వస్తాయి. జిగురైపోయినవి, పొడిగా మిగిలినవి, విసిగి వదిలేసినవి చాలావరకు రావు. నీ కోక్రిస్టల్ అందులో దొరకలేదంటే ఎవరూ ప్రయత్నించలేదని కాదు, అది ఏర్పడదనీ కాదు.

డేటాబేస్ వెర్షన్, సెర్చ్ చేసిన తేదీ, పెట్టిన ప్రతి షరతూ నోట్‌బుక్‌లో రాసుకో. అప్‌డేట్ వచ్చిందంటే హిట్ల సంఖ్య మారుతుంది. రేపు నువ్వే స్ఫటికం పెంచి నిర్మాణం తేలిస్తే, పేపర్‌లో చోటు దొరకకపోయినా ఆ నిర్మాణపు సిఫ్ ఫైల్‌ను డేటాబేస్‌కు జమచెయ్యి. పత్రం లేకుండా తీసుకునే పద్ధతి వాళ్లకుంది. ఆ ఫైల్‌ను తనిఖీ చేసే చెక్‌సిఫ్ ఇచ్చే హెచ్చరికలకు నిజాయితీగా జవాబు రాయి, ఇంకెవరో నీ ఎంట్రీని ఏరేటప్పుడు చదివేది ఆ జవాబునే.

హిస్టోగ్రామ్ నాకూ పంపు. దాంతోపాటు తీసేసిన ఎంట్రీల జాబితా, ఒక్కోదాని పక్కన కారణం జతచెయ్యి. నేను ముందు చదివేది ఆ జాబితానే.

ఆశీస్సులతో,
మీ మామయ్య