రోగం లేనివారికి మందెందుకు? – బోదకాలు చెప్పే పాఠం

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల్లో పెరిగిన విద్యార్థులు ఈ దృశ్యాన్ని ఎప్పుడో ఒకప్పుడు చూసే ఉంటారు. ఆరోగ్య కార్యకర్త ఒకామె సంచి భుజాన వేసుకుని ఇంటింటికీ తిరుగుతూ ఉంటుంది. అరుగు మీద కూర్చున్న తాత చేతిలో మాత్రలు పెట్టి, "మింగు తాతా, బోదకాలు రాకుండా" అంటుంది. తాత రెండు కాళ్లూ చాపి చూపిస్తాడు.

"నా కాళ్లు సూడమ్మా, ఎలాగున్నాయో! నాకేటీ రోగం నేదు. నానెందుకు మింగాల?"

తాత అడిగింది సబబైన ప్రశ్నే. తలనొప్పి లేనివాడు తలనొప్పి మాత్ర వేసుకోడు కదా! మరి వాపు లేని మనిషికి బోదకాలు మాత్ర దేనికి? దీనికి జవాబు చెప్పాలంటే ముందు మన శరీరం రోగక్రిములతో ఎలా పోరాడుతుందో తెలియాలి. ఆ పోరాటాన్ని ఒక పురుగు ఎలా పక్కదారి పట్టిస్తుందో కూడా తెలియాలి.

ముల్లు గుచ్చుకుంటే ఏం జరుగుతుంది?

నాట్ల రోజుల్లో పొలంలో నడుస్తుంటే మీ కాలికి ముల్లు గుచ్చుకుందనుకోండి. మన ఒంటికి మొదటి కోటగోడ చర్మం. ముల్లు ఆ గోడకు కన్నం పెట్టింది. ముల్లుతోపాటు బురదలోని బాక్టీరియా లోపలికి చేరింది.

కొద్ది గంటల్లోనే అక్కడ ఎర్రబడుతుంది, వేడెక్కుతుంది, వాస్తుంది, సలుపుతుంది. మనకది బాధే కాని, నిజానికి అది సహాయం అందుతోందనే గుర్తు. అక్కడి సన్నని రక్తనాళాలు వెడల్పై, వాటి గోడల సందుల్లోంచి తెల్ల రక్తకణాలు బయటికి వస్తాయి. ఆరోగ్యవంతుని రక్తంలో ఒక్కొక్క ఘనపు మిల్లీమీటరుకు 4 వేల నుంచి 11 వేల వరకు తెల్ల కణాలుంటాయి. వీటిలో కొన్ని బాక్టీరియాను చుట్టుముట్టి మింగేస్తాయి. ఈ పోరులో చచ్చిన కణాలు, క్రిములు కలిసినదే మనం చూసే చీము.

ఒకటి రెండు రోజుల తరువాత గజ్జల్లో చేత్తో తడిమి చూస్తే గుండ్రంగా, నొప్పిగా ఏదో తగులుతుంది. "కాలికి దెబ్బ తగిలింది కదా, బిళ్ల కట్టింది" అంటుంది అమ్మమ్మ. కాలికి దెబ్బ తగిలితే గజ్జల్లో బిళ్ల ఎందుకు కట్టాలి?

రెండో కాలువ వ్యవస్థ

మన శరీరంలో రక్తనాళాలతోపాటు మరో కాలువల వ్యవస్థ ఉంది. సన్నని రక్తనాళాల నుంచి కొంత ద్రవం ఊరి, కణాల మధ్య పారుతుంది. అందులో ఎక్కువ భాగం తిరిగి రక్తంలోకే పోతుంది. మిగిలినది వేరే సన్నని గొట్టాల్లోకి చేరుతుంది. దీన్ని శోషరసం అంటారు, ఇంగ్లీషులో లింఫ్. ఆ గొట్టాలు శోషరస నాళాలు. పొలంలో మిగులు నీటిని బయటికి పంపే మురుగు కాలువల పని వీటిది. దారిలో అక్కడక్కడ ఉండే శోషరస గ్రంథుల గుండా ఈ రసం వడకట్టుకుపోయి, చివరకు మెడ దగ్గరి పెద్ద సిరల్లో రక్తంతో కలుస్తుంది.

కాలిలోని క్రిముల జాడలు ఈ రసంతోపాటు గజ్జల్లోని గ్రంథులకు చేరతాయి. అక్కడ లింఫోసైట్లు అనే తెల్ల కణాలు కాచుకుని ఉంటాయి. తమకు సరిపడిన శత్రువు కనబడగానే అవి రెండు నాలుగై, నాలుగు ఎనిమిదై పెరుగుతాయి. అందుకే గ్రంథి ఉబ్బుతుంది. మన బిళ్ల అదే!

లింఫోసైట్లు ముఖ్యంగా రెండు రకాలు. బి-కణాలు ప్రతిదేహాలు అనే ప్రోటీన్లను తయారుచేస్తాయి. ఒక్కొక్క ప్రతిదేహం తన తాళానికి సరిపడే తాళంచెవిలా, ఒక్కొక్క రకం క్రిమికే అతుక్కుంటుంది. టి-కణాలు మరో రకం. వాటిలో కొన్ని దళపతుల్లా ఆజ్ఞలిస్తాయి. కొన్ని క్రిమి దూరిన కణాలను చంపేస్తాయి. మరికొన్ని "ఇక చాలు, ఆపండి" అని పోరును అదుపు చేస్తాయి. ఈ చివరి రకం చాలా అవసరం. అవి లేకపోతే ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్లు, క్రిమి మీద యుద్ధం మన శరీరాన్నే కాల్చేస్తుంది.

పోరు ముగిశాక కొన్ని లింఫోసైట్లు శత్రువును గుర్తుపెట్టుకుని ఏళ్ల తరబడి బతుకుతాయి. అందుకే తట్టు ఒకసారి వచ్చినవారికి సాధారణంగా మళ్లీ రాదు. టీకాల కిటుకు కూడా ఇదే. రోగం రాకుండానే శత్రువు ఆనవాళ్లను కణాలకు చూపించడం. 1796లో ఎడ్వర్డ్ జెన్నర్ మొదలుపెట్టిన ఈ పద్ధతి వల్లనే మశూచి 1980 నాటికి ప్రపంచంలో లేకుండా పోయిందని ప్రకటించగలిగారు.

ఇంత గొప్ప కాపలా ఉండగా బోదకాలు ఎందుకు వస్తోంది?

మభ్యపెట్టే పురుగు

బోదకాలుకు కారణం ఉకరేరియా బాంక్రాఫ్టి అనే దారంలాంటి పురుగు. ఆడపురుగు 8 నుంచి 10 సెంటీమీటర్ల పొడవుంటుంది. మగది 4 సెంటీమీటర్లు. ఇవి కాపురం పెట్టేది ఎక్కడో తెలుసా? క్రిములను పట్టుకోవడానికి శరీరం ఏర్పాటు చేసుకున్న ఆ శోషరస నాళాల్లోనే! పోలీసు ఠాణాలోనే దొంగ మకాం వేసినట్లన్నమాట.

ఆడపురుగు లక్షల సంఖ్యలో పిల్లలను కంటుంది. వీటిని మైక్రోఫైలేరియాలు అంటారు. పొడవు సుమారు పావు మిల్లీమీటరు. ఇవి రక్తంలో తిరుగుతాయి, కాని ఎప్పుడుపడితే అప్పుడు కాదు. పగలంతా ఊపిరితిత్తుల్లోని సన్నని రక్తనాళాల్లో ఉండి, రాత్రి సుమారు 10 గంటల నుంచి 2 గంటల మధ్య చర్మం దగ్గరి రక్తంలోకి ఎక్కువగా వస్తాయి. క్యూలెక్స్ దోమలు కుట్టే వేళ కూడా అదే! ఆరోగ్య సిబ్బంది రక్తపు చుక్క కోసం రాత్రిపూట తలుపు తట్టేది ఇందుకే. రాత్రి మేలుకుని పగలు నిద్రపోయే అలవాటు చేసుకున్నవారిలో కొద్ది రోజులకు ఈ వరస కూడా తలకిందులవుతుంది.

దోమ రక్తంతోపాటు ఈ పిల్లలను పీల్చుకుంటుంది. దోమ ఒంట్లో పది పన్నెండు రోజులకు పైగా పెరిగి, అవి రోగం కలిగించే దశకు వస్తాయి. ఆ దోమ మరొకరిని కుట్టినప్పుడు చర్మం మీదికి దిగి, కుట్టిన కన్నం గుండా లోపలికి పాకుతాయి. ఈ పురుగు దోమలో పెరుగుతుందని 1877లో చైనాలోని అమోయ్ రేవులో పనిచేస్తున్న పాట్రిక్ మాన్సన్ కనుక్కున్నాడు. మనుషుల పరాన్నజీవి ఒకటి దోమలో పెరుగుతుందని తెలియడం అదే మొదలు. ఆయన ప్రోత్సాహంతోనే రొనాల్డ్ రాస్ 1897లో మన సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూడగలిగాడు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. బాక్టీరియాను మింగినట్లు పది సెంటీమీటర్ల పురుగును ఏ తెల్ల కణమూ మింగలేదు. అయినా ప్రతిదేహాలు తయారవుతాయి. పురుగుల మీద పోరాడే ఇసినోఫిల్ కణాలు కూడా పెరుగుతాయి. కాని పురుగు మరో ఎత్తు వేస్తుంది. "ఇక చాలు, ఆపండి" అనే టి-కణాలున్నాయని చెప్పుకున్నాం కదా! పురుగు విడుదల చేసే పదార్థాల వల్ల ఆ కణాలు చురుకవుతాయి. దాంతో మిగతా దళమంతా మెత్తబడిపోతుంది. ఈ మనిషికి వాపు రాదు, జ్వరం రాదు, నొప్పీ ఉండదు. పురుగు మాత్రం ఐదారేళ్లు, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువ కాలం హాయిగా బతుకుతుంది. రాత్రి ఆ మనిషి రక్తపు చుక్కను మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే మైక్రోఫైలేరియాలు కొరడాల్లా మెలికలు తిరుగుతూ కనబడతాయి.

కొందరిలో దీనికి వ్యతిరేకంగా జరుగుతుంది. వారి రక్షణదళం పురుగులను సహించదు. నాళాల్లో పురుగులు చచ్చినప్పుడు అక్కడ వాపు, జ్వరం వస్తాయి. శోషరస నాళాలు సాగి, దెబ్బతిని, రసం సరిగా పారదు. కాలువ పూడితే పొలంలో నీరు నిలిచినట్లు కాలిలో నీరు నిలుస్తుంది. నీరు నిలిచిన కాలిలో, వేళ్ల సందుల్లోని పుళ్ల గుండా బాక్టీరియా చేరి మాటిమాటికీ చలిజ్వరం తెస్తుంది. జ్వరం వచ్చిన ప్రతిసారీ కాలు మరికొంచెం లావవుతుంది, చర్మం మరికొంచెం గట్టిపడుతుంది. మగవారిలో వరిబీజం కూడా ఇలా రావచ్చు. మరి కొద్దిమందిలో రక్షణదళం ఊపిరితిత్తుల్లోని పురుగు పిల్లల మీద మితిమీరి విరుచుకుపడుతుంది. రాత్రిళ్లు దగ్గు, ఆయాసం వస్తాయి. పెద్దలు "ఇసినోఫీలియా" అనే దగ్గుల్లో ఇదొకటి.

చూశారా! ఊరికి పురుగును పంచేది తరచుగా కాలు వాచిన మనిషి కాదు. వాచిన కాలు గలవారిలో చాలామంది రక్తంలో మైక్రోఫైలేరియాలే ఉండవు. పంచేది ఎక్కువగా ఏ బాధా లేకుండా తిరిగే మనిషి. అది అరుగు మీది తాత కావచ్చు, నేను కావచ్చు, మీరు కావచ్చు.

భీమవరం బిడ్డ ఇచ్చిన మందు

ఈ పురుగుకు మంచి మందు దొరికింది 1947లో. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధనలకు నాయకత్వం వహించిన డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం డైఇథైల్ కార్బమజైన్ అనే మందును కనిపెట్టింది. పొడి అక్షరాలలో డి.ఇ.సి. సుబ్బారావుగారు 1895లో భీమవరంలో పుట్టారు, 1948లో అమెరికాలో కన్నుమూశారు. ఆయన పోయి ఎన్నో ఏళ్లయినా ఆ మందు నేటికీ ఇంటింటికీ చేరుతోంది.

ఈ మందులో ఒక చిత్రం ఉంది. గాజు గొట్టంలో మైక్రోఫైలేరియాలను ఉంచి డి.ఇ.సి. వేస్తే అవి అంతగా చావవు. మనిషి ఒంట్లోనైతే కొద్ది గంటల్లోనే రక్తంలో వాటి సంఖ్య బాగా పడిపోతుంది. అంటే మందు ఒంటరిగా పోరాడడం లేదు. మన రక్షణదళంతో చేయి కలిపి పోరాడుతోంది. మెత్తబడిన కాపలా మళ్లీ లేస్తోంది!

మాత్ర మింగాక కొందరికి జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు ఎందుకు వస్తాయో ఇప్పుడు మీకే అర్థమై ఉంటుంది. పురుగు పిల్లలు ఒక్కసారిగా చచ్చినప్పుడు వాటి పదార్థాలు రక్తంలోకి విడుదలవుతాయి. రక్షణదళం వాటి మీదికి లేస్తుంది. ఒంట్లో పురుగులు లేనివారికి సాధారణంగా ఏమీ అనిపించదు. "మాత్ర విషం, వేసుకుంటే జ్వరమొచ్చింది" అని మాత్రలను గోడ అవతల పారేసేవారికి ఈ సంగతి తెలియదు. ఈ బాధలు మామూలుగా ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతాయి. ఎక్కువగా ఉంటే ఆరోగ్య కార్యకర్తకు చెప్పాలి.

మన దేశంలో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం 1955లో మొదలైంది. 2004 నుంచి రోగం పాతుకున్న జిల్లాల్లో అందరికీ ఏటా ఒకసారి మాత్రలివ్వడం ప్రారంభించారు. డి.ఇ.సి.తోపాటు ఆల్బెండజోల్ మాత్ర కూడా ఇస్తారు. కొన్ని జిల్లాల్లో ఐవర్‌మెక్టిన్ కూడా చేర్చారు. రెండేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్రమైన జబ్బుతో ఉన్నవారికి ఇవి ఇవ్వరు. మాత్రలు ఖాళీ కడుపుతో వేసుకోరాదు.

ఒక్క ఏడు చాలదా? చాలదు. డి.ఇ.సి. పిల్లలను చంపినంత బాగా పెద్ద పురుగులను చంపలేదు. అవి మళ్లీ పిల్లలను కంటాయి. పెద్ద పురుగు బతికే ఐదారేళ్లూ, ఊళ్లో ఎక్కువమంది ఏటా మాత్ర వేసుకుంటే, దోమకు పీల్చుకోవడానికి పురుగు పిల్లలే దొరకవు. ఒకరో ఇద్దరో కాక, ఊరంతా మింగాలనేది ఇందుకే. ఈ పద్ధతిలో పొరుగునున్న శ్రీలంక 2016లో, బంగ్లాదేశ్ 2023లో ఈ రోగం ప్రజారోగ్య సమస్యగా లేకుండా పోయినట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు పొందాయి.

మీరు చేయగలిగిన పని

క్యూలెక్స్ దోమ మురికినీటిని ఇష్టపడుతుంది. మీ వీధి కాలువలో నిలిచిన నీటిని గాజు సీసాలో తీసుకుని, మూతికి గుడ్డ కట్టి, వెలుతురులో చూడండి. నీటి పైభాగాన తోక చివరి గొట్టాన్ని ఆనించి, తల కిందికి వేలాడేస్తూ ఏటవాలుగా ఉన్న పిల్లపురుగులు కనబడతాయి. ఆ గొట్టంతోనే అవి గాలి పీలుస్తాయి. చూడడం అయ్యాక ఆ నీటిని ఎండిన నేల మీద పారబోయండి. అవి ఉన్న కాలువ ఎక్కడో మీ పంచాయతీకి తెలియజేయండి.

మీ ఇంటి పక్కన కాలు వాచినవారు ఉంటే వారిని దూరం పెట్టకండి. ముట్టుకుంటే ఈ రోగం అంటదు. రోజూ కాలిని సబ్బుతో కడిగి, వేళ్ల సందులు మెత్తని గుడ్డతో తుడుచుకుని, పడుకున్నప్పుడు కాలు ఎత్తుగా పెట్టుకుంటే మాటిమాటికీ వచ్చే జ్వరాలు బాగా తగ్గుతాయని చెప్పండి. నీళ్ల బకెట్టు అందివ్వడం మీ వంతు.

ఇక తాత ప్రశ్న మిగిలింది. ఈసారి ఆయన "నాకేటీ రోగం నేదు" అన్నప్పుడు మీరు పక్కన కూర్చుని ఇలా చెప్పండి: "తాతా, రోగం లేదని నీ కాళ్లు చెబుతున్నాయి. పురుగు లేదని మాత్రం అవి చెప్పలేవు. అది రాత్రి రక్తపు చుక్కే చెప్పాలి. నీకు పురుగు లేకపోతే మాత్రతో నష్టం లేదు. ఉంటే, నీ మాత్ర నీ మనవళ్ల కాళ్లను కాపాడుతుంది."

తరువాత ఒక గ్లాసుడు మంచినీళ్లు ఆయన చేతికివ్వండి. మీ మాత్ర మీరు ముందు మింగి చూపించండి.