ఇంజెక్టర్ల కరెంటు ఎక్కణ్ణుంచి?

ప్రశ్న: కారు ఇంజన్‌తో ఇద్దరు కూర్చునే చిన్న విమానం కడుతున్నాం. ఇంజెక్టర్లకు కరెంటు మెయిన్ స్విచ్ నుంచే ఇవ్వొచ్చాండీ?
– ఒక పాఠకుడు, మార్టూరు

జవాబు: వద్దండీ. కారైతే అన్నీ ఆరిపోయినా హైవే పక్కన ఆపుకుంటారు. గాల్లో వైరింగ్ నుంచి పొగ వస్తే మెయిన్ స్విచ్ కట్టేయాలి, ఇంజన్ మాత్రం తిరుగుతూనే ఉండాలి. అందుకే ఇంజెక్టర్లకు, ఈసీయూకు (ఇంజన్ కంప్యూటరుకు), పెట్రోలు పంపుకు బ్యాటరీ నుంచి నేరుగా వేరే లైను లాగండి. దేని ఫ్యూజు దానికే. అన్నిటికీ కలిపి ఒకే రిలేను నమ్ముకోవద్దు.

ఇంజెక్టర్‌కు ప్లస్ ఎప్పుడూ అందుతుంది. ఈసీయూ ఎర్తు వైపు కలుపుతూ తెంచుతూ పెట్రోలు చిమ్మిస్తుంది. కాబట్టి ఇంజన్ ఆపే స్విచ్ ఆ ప్లస్ మీదే ఉండాలి. కాయిల్ కరెంటు ఒక్కటే కోస్తే మండని పెట్రోలు సిలిండర్లలోకి పోతూనే ఉంటుంది. ట్యాంకు దగ్గర చేతి వాల్వు ఎలాగూ ఉండాల్సిందే.

స్విచ్ మాత్రం పైకి లాగి తిప్పే రకం కొనండి, మోచెయ్యి తగిలితే పడిపోయేది కాదు. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో కూలిన బోయింగ్ 787లో రెండు ఇంజన్ల ఇంధనం ఆపే స్విచ్‌లూ ఆ రకమే. అయినా ఆ రెండూ సెకను తేడాతో కటాఫ్‌కు మారాయని ప్రాథమిక నివేదిక.

ఎగరడం డీజీసీఏ అనుమతి వచ్చాకే. కొరిశపాడు దగ్గర హైవే రన్‌వే మీద ఆశ పెట్టుకోకండి, అది వాయుసేన అత్యవసరాలకు.