డక్టులు మార్చేముందు

చిరంజీవి తమ్ముడికి,

ప్లేనోలో కొన్న 1978 నాటి ఇంట్లో పడమటి పడకగది చల్లబడటం లేదనీ, డక్టులన్నీ పీకేసి కొత్తవి వేస్తామని కాంట్రాక్టరు అంటున్నాడనీ రాశావు. వేయించు. కానీ కొటేషన్‌లో "ఉన్న సైజులే మళ్ళీ" అని ఉంటే మాత్రం సంతకం పెట్టకు. గొట్టం పాతబడటం ఒక్కటే కాదు, మొదటినుంచీ కొలతే తప్పయి ఉండవచ్చు.

ఏసీకి టన్నుకు నిమిషానికి సుమారు 400 ఘనపుటడుగుల గాలి కావాలి. మీది 4 టన్నులు, అంటే 1600. 6 అంగుళాల గొట్టానికి బదులు 8 అంగుళాలది వేస్తే తేడా రెండంగుళాలేగా అనిపిస్తుంది. అదే పీడనంతో అది మోసే గాలి మాత్రం రెట్టింపు దాటుతుంది. లోపలి చోటు పెరుగుతుంది, గోడల రాపిడీ తగ్గుతుంది. అలాగని అన్నీ పెద్దవి వేయించకు. గాలి మందగించి, అటక వేడిలో ఎక్కువసేపు నిలిచి, గదికి చేరేసరికే వెచ్చబడుతుంది. ఏ గదికి ఎంత చల్లదనం కావాలో మాన్యువల్ జె ప్రకారం, దానికి ఎంత గొట్టం కావాలో మాన్యువల్ డి ప్రకారం లెక్కకట్టి కాగితం మీద ఇవ్వమను. ఇవ్వనివాడికి పని ఇవ్వకు.

అందరూ మరిచేది రిటర్న్. వెనక్కి రాని గాలిని బ్లోయర్ ముందుకు ఎక్కడినుంచి తోస్తుంది? 1600 మోయాల్సిన చోట ఒక్క 16 అంగుళాల ఫ్లెక్స్ గొట్టం చాలదు. మీ పడకగది తలుపు మూసి ఉంచితే గాలికి బయటికి దారి ఉందో లేదో చూడు. తలుపు కింద కార్పెట్ అంచున నల్లటి చార కనబడితే, ఆ సందులోంచి గాలి బలవంతంగా దూరి దుమ్మును అక్కడ వదిలేస్తోందని అర్థం. ఆ గదికి విడిగా రిటర్న్ గానీ, హాల్లోకి ఒక జంప్ డక్ట్ గానీ పెట్టించు.

ఫ్లెక్స్ డక్ట్ వేసే తీరు మీద కన్నేసి ఉంచు. మిగిలింది కదా అని కోయకుండా ముడతలతో వదిలేస్తారు. పూర్తిగా లాగి బిగించకపోతే ఆ ముడతలే గాలిని అడ్డుకుంటాయి, లెక్కంతా వృథా. రెండు పట్టీల మధ్య అది ఉయ్యాలలా వేలాడకూడదు. రిజిస్టర్ పెట్టె దగ్గర మెడ విరిచినట్టు మలుపు తిప్పకూడదు. అతుకులకు గుడ్డ టేపు ఒప్పుకోకు, ఎండిపోయి ఊడిపోతుంది. మాస్టిక్ పూయమను. మామూలు ఇళ్లలో డక్టుల్లో నడిచే గాలిలో 20 నుంచి 30 శాతం కారిపోతుందని ఎనర్జీ స్టార్ వాళ్ల అంచనా. మీ డబ్బుతో అటకను చల్లబరుస్తున్నారన్నమాట. అటకలోని డక్టులకు ఆర్-8 ఇన్సులేషన్ ఉండాలి.

ఇంకో జాగ్రత్త. పాత లోహపు డక్టుల అతుకుల మీద తెల్లటి గుడ్డలాంటి చుట్ట కనబడితే ఎవరినీ చెయ్యి వేయనివ్వకు. ఆ కాలంలో అందులో ఆస్‌బెస్టాస్ ఉండేది. ముందు పరీక్ష చేయించు. పిల్లలున్న ఇల్లు, ఇందులో మొహమాటం వద్దు.

పనికి ముందూ తర్వాతా స్టాటిక్ ప్రెషర్ కొలిచి ఇమ్మను. చాలా యూనిట్లను 0.5 అంగుళాల నీటి పీడనానికి తయారుచేస్తారు. పని అయ్యాక 0.8 వస్తే డబ్బు చివరి వాయిదా ఆపు. ఆఖర్న డక్ట్ లీకేజీ పరీక్ష కూడా చేయించు.

కాంట్రాక్టరు గీసిన ప్లాన్ ఫోటో తీసి పంపు, గదుల కొలతలతో సహా. శనివారం మరదలిని కూడా కూర్చోబెట్టు, ఫోన్లో ముగ్గురం గొట్టం గొట్టం చూద్దాం.

మీ అక్క